ఒంటరిగా దూరదేశం వెళ్లి రైతు ఇంట్లో ఉండాలంటే: నాలుగు దారుల్లో మీకు సరిపోయేది ఏది?

హన్మకొండ, కరీంనగర్, జగిత్యాల వైపు విదేశం అనగానే గల్ఫ్ కొలువో అమెరికా చదువో గుర్తొస్తుంది. ఒక్కరే బయల్దేరి ఏ ఇటలీ పల్లెలోనో, జపాన్ కొండ ఊళ్లోనో రైతు ఇంట్లో పది రోజులు ఉండి రావడం ఈ రెంటిలో దేనికీ చెందదు. సలహా అడిగితే ఇంట్లో భయపెడతారు, ఏజెంటు ఆశ పెడతాడు. ఇంటర్నెట్‌లో వెతికితే డబ్బు కట్టి ఉండే ఫార్మ్ స్టే, పని చేసి తిండి తినే పద్ధతి, కూలీ ఇచ్చే పని అన్నీ ఒకే పేరు కింద కనిపిస్తాయి. అవి ఒకటి కావు. ఒకదాని వీసా ఇంకోదానికి పనికిరాదు.

ముందు చూసుకోవలసినవి

అన్నిటికన్నా ముందు, డబ్బు ఎటు నుంచి ఎటు పోతుందో చూడండి. మీరు రైతుకు కడుతున్నారా, ఎవరూ ఎవరికీ కట్టడం లేదా, రైతే మీకు ఇస్తున్నాడా? ఏ వీసా కావాలన్నది దీన్ని బట్టే ఉంటుంది. మీరు కడితే మీరు పర్యాటకులు, టూరిస్ట్ వీసా చాలు. రైతు జీతం ఇస్తే అది ఉద్యోగం, పని వీసా ఉండాల్సిందే. చిక్కంతా నడిమి దానితోనే. జీతం లేదు కదా అని మనం అనుకుంటాం గానీ, తిండికీ గదికీ బదులుగా చేసే పనిని చాలా దేశాలు పనిగానే లెక్కిస్తాయి. న్యూజిలాండ్ ఈ మాట సూటిగానే చెబుతుంది. విజిట్ వీసా మీద పోయి పనిలో చేరినవాళ్లు ఖల్లివల్లి (సరైన కాగితాలు లేని పనివాళ్లు) అయిపోయి ఎన్ని తిప్పలు పడ్డారో మన జిల్లాల్లో తెలియని ఊరు లేదు. దేశం మారినంత మాత్రాన ఆ లెక్క మారదు.

రెండోది, నచ్చకపోతే ఆ రోజే బయటపడగలరా? పొలం నుంచి బస్సు ఎంత దూరం, ఆదివారం ఆ బస్సు నడుస్తుందా, పాస్‌పోర్టు మీ దగ్గరే ఉందా, జేబులో డబ్బుందా అన్నవి ఇందులోకి వస్తాయి. ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఇల్లు ఎంత అందంగా ఉందన్నదానికన్నా ఇది ముఖ్యం.

ఆ తర్వాతే ఒంటి ఓపిక, తిండి, భాష, కాలం. కాలం విషయంలో ఒక్క మాట: భూమధ్యరేఖకు దక్షిణాన కాలాలు తిరగబడి ఉంటాయి. మన దగ్గర వానాకాలం నాట్లు పడే జూలైలో న్యూజిలాండ్‌లో గట్టి చలి. మన ఎండాకాలం సెలవులకు వెళితే అక్కడ ఆకు రాలే కాలం.

| దారి | డబ్బు | వీసా | రోజుకు పని | బయటపడటం |
|---|---|---|---|---|
| డబ్బు కట్టి అతిథిగా | మీరు కడతారు | టూరిస్ట్ | లేదు, ఇష్టమైతే చూడొచ్చు | తేలిక |
| పనికి బదులు తిండి, గది (వూఫ్ వంటివి) | ఎవరూ కట్టరు | దేశాన్ని బట్టి, ముందే తేల్చుకోవాలి | 4–6 గంటలు | ఊరు దూరమైతే కష్టం |
| ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే | వాళ్లు ఇస్తారు | 462 | రోజంతా | చట్టపరంగా స్వేచ్ఛ ఉంది, డబ్బు ఇబ్బంది రావచ్చు |
| అమెరికా వ్యవసాయ శిక్షణ | వాళ్లు ఇస్తారు | జే-1 | రోజంతా | స్పాన్సర్ సంస్థ ద్వారానే |

డబ్బు కట్టి అతిథిగా: ఇటలీ, జపాన్

మొదటిసారి ఒక్కరే వెళ్తుంటే ఇదే మంచిది. ఖర్చు ఎక్కువే, కానీ కట్టిన డబ్బుకు దక్కేది మర్యాద ఒక్కటే కాదు, ఎప్పుడైనా లేచి వెళ్లిపోయే హక్కు కూడా.

ఇటలీలో దీన్ని అగ్రితురిస్మో అంటారు. దీనికి అక్కడ 1985లోనే చట్టం చేశారు, 2006లో కొత్తది తెచ్చారు. అతిథులను పెట్టుకునేది రైతే అయి ఉండాలి, వ్యవసాయమే అసలు పనిగా ఉండాలి అన్నది అందులోని ముఖ్య నియమం. అందుకే పేరుకు పొలం ఉన్న హోటల్ కన్నా ఇది నమ్మదగినది. అయినా బుక్ చేసే ముందు ఏమేం పండిస్తారో, మీరు వచ్చే నెలలో ఏ పని నడుస్తుందో అడగండి. ద్రాక్ష కోత ఆగస్టు చివర మొదలై అక్టోబరు దాకా సాగుతుంది. ఆలివ్ కోత అక్టోబరు, నవంబరు. జూలై, ఆగస్టుల్లో వెళితే ఎండ, రద్దీ, ధర మూడూ ఎక్కువే. పైగా ఆ నెలల్లో చాలాచోట్ల వారం తక్కువ ఇవ్వరు, శనివారం నుంచి శనివారం లెక్క. ఆగస్టు 15 వాళ్లకు పెద్ద పండుగ, ఆ వారం గది దొరకడమే కష్టం.

ఇక్కడ ఎక్కువమంది పొరబడేది రవాణా దగ్గర. పొలం చివరి ఊరికి నాలుగైదు కిలోమీటర్లు అవతల మట్టిరోడ్డు మీద ఉంటుంది. మన ఊళ్లలోలాగా షేర్ ఆటో దొరకదు. "స్టేషన్ నుంచి మీరే తీసుకెళ్తారా, ఎంత తీసుకుంటారు?" అని ముందే రాతపూర్వకంగా అడగండి. కారు నడుపుతామంటే ఆర్టీఏ ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. రుసుము 1,000 రూపాయలు, గడువు ఒక ఏడాది. ఇటలీలో బండి కుడివైపు నడుస్తుందని గుర్తుంచుకోండి. జపాన్‌లో మనలాగే ఎడమవైపు.

తిండి విషయంలో "మెజ్జా పెన్సియోనే" అనేది అడగండి. పొద్దున టిఫిను, రాత్రి భోజనం కలిపి ఇచ్చే పద్ధతి అది. చుట్టుపక్కల హోటల్ లేని చోట ఒంటరివాళ్లకు ఇదే దిక్కు. శాకాహారులకు ఇటలీ కష్టం కాదు. "మాంసం తినను" అంటే సరిపోదు, సూప్‌లో మాంసం రసం కూడా వద్దని చెప్పాలి.

ఇటలీకి కావలసింది షెంజెన్ వీసా, అంటే యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా. రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు. చివరి గడువు 15 రోజులే అయినా హైదరాబాద్‌లో అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పట్టవచ్చు, రెండున్నర నెలల ముందే మొదలుపెట్టండి. పొలం బుకింగ్ కాగితం మీద మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మనకు ఇంటిపేరు ముందు రాసే అలవాటు కాబట్టి తప్పు ఎక్కువగా ఇక్కడే దొర్లుతుంది.

జపాన్‌లో రైతు ఇళ్లలో ఉండటం ఇంకోరకం. హోటల్ గదిలా కాదు, ఇంట్లో ఒకరిలా ఉంటారు. చాలా ఇళ్లలో వంట కూడా వాళ్లతో కలిసే చేయాలి. చాప పరిచిన గదిలో నేలమీద పరుపు, పొద్దున మీరే మడత పెట్టాలి. స్నానం సంగతి ముందే తెలుసుకోండి: తొట్టి బయట చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో పూర్తిగా కడుక్కుని, ఒళ్లు శుభ్రమయ్యాకే వేడినీళ్ల తొట్టిలో కూర్చోవాలి. అదే నీళ్లలో ఇంట్లో మిగతావాళ్లూ కూర్చుంటారు, కాబట్టి బయటికొచ్చాక నీళ్లు వదిలేయకూడదు. మూత పెట్టి రావాలి. వరి మన పంటే కాబట్టి నాట్లు పడే మే నెల, కోతలు జరిగే సెప్టెంబరు, అక్టోబరు చూడదగ్గవి. యంత్రంతో నాటేందుకు ట్రేలలో నారు ఎలా పెంచుతారో మన రైతులు శ్రద్ధగా చూడాలి.

జపాన్‌లో శాకాహారులకే అసలు కష్టం. దాషి అనే చేప రసం పులుసులో, కూరలో, నూడుల్స్‌లో అంతటా ఉంటుంది. పైకి కూరగాయలే కనిపిస్తాయి. చేప పూర్తిగా వద్దనుకుంటే ఆ మాట జపాన్ భాషలో రాయించిన కార్డు ఇంటివాళ్లకు ముందే పంపండి. మందుల విషయంలోనూ జాగ్రత్త: నెలకు మించిన మందులు తీసుకెళ్లాలంటే అక్కడి ఆరోగ్యశాఖ నుంచి ముందే అనుమతి పత్రం కావాలి. కోడీన్ ఉన్న దగ్గు సిరప్ లాంటివి బ్యాగులో పడేసుకుని పోవద్దు.

పనికి బదులు తిండి, గది

ఈ పద్ధతిలో అందరికీ తెలిసిన పేరు వూఫ్ (WWOOF). 1971లో ఇంగ్లండ్‌లో స్యూ కాపర్డ్ అనే ఆవిడ మొదలుపెట్టారు. లండన్ లాంటి పట్నంలో ఉండేవాళ్లు శని, ఆదివారాలు సేంద్రియ పొలాల్లో పని చేసి రావాలన్నది అప్పటి ఆలోచన. ఇప్పుడు దేశానికో సంస్థ ఉంది, సభ్యత్వం కూడా ఏ దేశానికి ఆ దేశమే విడిగా కట్టాలి. వర్క్‌అవే లాంటి వేదికల్లో పొలాలతోపాటు హాస్టళ్లు, ఇంటిపనులు కూడా ఉంటాయి. పొలమే కావాలంటే వూఫ్ సూటిగా ఉంటుంది.

పని రోజుకు నాలుగు నుంచి ఆరు గంటలు, సాధారణంగా వారానికి ఐదు రోజులు. కలుపు తీయడం, పెండ ఎత్తడం, ఎరువు కుప్ప తిరగేయడం, కట్టెలు పేర్చడం, కోడిగుడ్లు ఏరడం. మన దగ్గర కూలీలతో చేయించే పనే ఇది. పొలం ముఖం చూడని సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు మొదటి మూడు రోజులు చేతులు పొక్కిపోతాయి. తోలు గ్లోవ్స్ లోపల పలుచటి నూలు గ్లోవ్స్ వేసుకుంటే పొక్కులు తగ్గుతాయి. రబ్బరు బూట్లు మోసుకెళ్లక్కర్లేదు, సైజు ముందే చెప్పండి. మన 8 నంబరు యూరప్‌లో 42.

వీసా సంగతి తేల్చకుండా టికెట్ కొనకండి. అమెరికా, న్యూజిలాండ్‌లకు విజిటర్ వీసా మీద ఈ పనికి వెళ్లడం వెనక్కి పంపించుకోవడానికి దారి. యూరప్‌లో దేశానికో తీరు. ఆ దేశపు వూఫ్ సంస్థ చెప్పేది, ఎంబసీ ఇచ్చే జవాబు రెండూ ఒకటైతేనే ముందుకెళ్లండి. విమానాశ్రయంలో అడిగితే "స్నేహితుల ఇల్లు" అని అబద్ధం చెప్పమని సలహా ఇచ్చే పొలం యజమాని ఉంటే, అక్కడికి వెళ్లకండి. చట్టం దగ్గర అబద్ధమాడమన్న మనిషి పని గంటల దగ్గర మాట నిలబెట్టుకుంటాడని నమ్మలేం.

బీమా కాగితంలో ఒక వాక్యం వెతకాలి. మామూలు ట్రావెల్ పాలసీలు చాలావాటిలో శారీరక శ్రమతో కూడిన పనిలో తగిలిన దెబ్బకు పరిహారం ఉండదు. కొడవలితో తెగినా, నిచ్చెన జారినా ఖర్చు మీదే అవుతుంది. ఆ పని కవర్ అయ్యే పాలసీ తీసుకోండి, లేదా ఆ దేశపు వూఫ్ సభ్యత్వంలో బీమా కలిసి ఉందేమో చూడండి. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటితే వెళ్లే ముందు మళ్లీ వేయించుకోండి.

గొడవలు ఎక్కువగా ఒకే కారణంతో వస్తాయి: కోత ముదిరినప్పుడు ఐదు గంటలు తొమ్మిదవుతాయి. యజమాని చెడ్డవాడు కానక్కర్లేదు. మీరు వద్దనలేదు, అతనికి పని ఆగలేదు, అంతే. అందుకే వెళ్లకముందే ఈ ప్రశ్నలు పంపండి: రోజుకు ఎన్ని గంటలు, ఏ రోజు సెలవు? గది నాకొక్కరికేనా, లోపలి నుంచి గడియ ఉందా, హీటర్ ఉందా? ఇంట్లో ఎవరెవరు ఉంటారు? వంట ఎవరిది, బీఫ్, పంది మాంసం తినకపోతే ఇబ్బందా? ఫోన్ సిగ్నల్ ఉందా? దగ్గరి బస్టాప్ ఎంత దూరం? వీటికి వివరంగా జవాబిచ్చిన చోటే మంచిది. "వచ్చాక చూద్దాం" అంటే వదిలేయండి.

ఆడపిల్లలు ఒక్కరే వెళ్తుంటే ఒంటరి మగవాడి పొలం కన్నా కుటుంబం ఉన్న ఇల్లు, లేదా ఒకేసారి నలుగురైదుగురు వాలంటీర్లు ఉండే పొలం ఎంచుకోండి. గతంలో ఒంటరిగా వచ్చిన అమ్మాయిలు రాసిన రివ్యూలు కనీసం మూడు ఉండాలి. వీడియో కాల్‌లో గది చూపించమనడం మొహమాటపడాల్సిన విషయం కాదు. మొదట పది రోజులకే మాట ఇవ్వండి. నచ్చితే పొడిగించుకోవచ్చు. నెలకు ఒప్పుకుని మధ్యలో వస్తానని చెప్పడమే కష్టం.

బయటపడటానికి విడిగా డబ్బు ఉంచుకోండి. రెండు రాత్రుల గది, స్టేషన్ దాకా టాక్సీ, రైలు టికెట్ కలిపి యూరప్‌లో 300 యూరోలు దగ్గర పెట్టుకుంటే ధైర్యం. ఇది వేరే కార్డులో ఉండాలి, రోజువారీ ఖర్చుకు తీయకూడదు.

పొలంలో రెండు ప్రమాదాలు మనవాళ్లకు తెలియవు. ఒకటి గడ్డి మైదానాల చుట్టూ ఉండే కరెంటు తీగ. మన దగ్గర అడవి పందుల కోసం ఇంటి కరెంటు తగిలించిన తీగలకు మనుషులు చచ్చిపోతుంటారు. అక్కడివి ప్రత్యేక యంత్రంతో సెకనుకొకసారి చిన్న దెబ్బ కొట్టేలా చేసినవి. చంపడం అరుదు, కానీ గట్టిగా జాడిస్తుంది. "టిక్ టిక్" శబ్దం వింటే తీగ నడుస్తున్నట్టే. రెండోది నాలుగు చక్రాల క్వాడ్ బైక్. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పొలాల్లో చావులకు ముఖ్య కారణాల్లో ఇదొకటి. వాలులో తిరగబడి మనిషి మీద పడుతుంది. స్కూటీ నడిపిన ధైర్యంతో ఎక్కకండి, నడపడం రాదని చెప్పండి.

కూలీ వచ్చే దారి: ఆస్ట్రేలియా 462

భారతీయులకు ఈ వర్క్ అండ్ హాలిడే వీసా 2024 సెప్టెంబరులో తెరిచారు. ఏడాదికి 1,000 మందికే, లాటరీ పద్ధతిలో. వయసు 18 నుంచి 30. ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్ల చదువు, ఐఈఎల్‌టీఎస్‌లో సగటున 4.5 స్థాయి ఇంగ్లీషు, ఖర్చులకు సుమారు 5,000 ఆస్ట్రేలియా డాలర్లు చూపించాలి. లాటరీలో పేరు వేయడానికి 25 డాలర్లు, వీసా రుసుము వేరు.

ఈ లాటరీని ఎవరూ కొనలేరు. "ఫార్మ్ వీసా గ్యారంటీ, మూడు లక్షలు" అంటే మోసమే. పేరు నమోదు మీ సొంత ఖాతా నుంచి మీరే చేసుకోవాలి. ఇది ఏజెంటు పెట్టించే కొలువు కాదు. వేరే దేశంలో పొలం పని ఇప్పిస్తామని ఎవరైనా వస్తే కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో వాళ్ల లైసెన్సు నంబరు చూడండి. రిజిస్టరైన ఏజెంటు కూడా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. విదేశీ కొలువులకు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, అక్కడ కూడా అడగవచ్చు.

ఒకే యజమాని దగ్గర మామూలుగా ఆరు నెలలకు మించి పని చేయకూడదు, పంటల సాగు, పశుపోషణ పనికి మాత్రం మినహాయింపు ఉంది. నిర్ణీత ప్రాంతాల్లో నిర్ణీత పని మూడు నెలలు చేస్తే రెండో ఏడాది వీసాకు అర్హత వస్తుంది. దానికి జీతం చీటీలు కావాలి, ఊరికే చేసిన పని లెక్కలోకి రాదు. డార్విన్, కేథరీన్ వైపు మామిడి కోత సెప్టెంబరు నుంచి డిసెంబరు. ఎండకు తోడు ఉక్క కూడా గట్టిగా ఉంటుంది. మామిడి సొన ఒంటికి తగిలితే ఎలా మండుతుందో జగిత్యాల తోటల వాళ్లకు చెప్పనక్కర్లేదు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. టాస్మేనియాలో యాపిల్ కోత ఫిబ్రవరి చివర నుంచి మే దాకా, అక్కడ చలి.

బుట్టల లెక్కన కూలీ ఇచ్చే చోట 2022 ఏప్రిల్ నుంచి గంటకు కనీస కూలీకి హామీ ఉంది. "కొత్తవాడివి, ఇంతే" అని తక్కువ ఇస్తే ఒప్పుకోకండి. కూలీ, పని హక్కుల సంగతి చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఎక్కువ మోసం హాస్టల్ రూపంలో జరుగుతుంది: పని ఇప్పిస్తామని వారాల అద్దె ముందే తీసుకుంటారు, వాన పడితే పని ఉండదు, అద్దె మాత్రం ఆగదు. వారం అద్దె మించి ముందు కట్టకండి.

ఇది యాత్ర కాదు, కూలీ పని. పల్లె జీవితం చూడాలన్న మనసుతో వెళ్తే నిరాశ తప్పదు. దేశం చూస్తూ ఖర్చు రాబట్టుకోవాలనుకునే పాతికేళ్ల వాళ్లకు బాగుంటుంది.

అమెరికా జే-1

ఇది ప్రధానంగా వ్యవసాయం చదివేవాళ్లకు, చదివినవాళ్లకు. చదువుతున్నవాళ్లు, లేదా డిగ్రీ ముగిసి ఏడాది లోపు ఉన్నవాళ్లు ఇంటర్న్‌గా 12 నెలలు, డిగ్రీ తర్వాత ఏడాది అనుభవం ఉన్నవాళ్లు ట్రైనీగా మామూలుగా 12 నెలలు, అందులో ఆరు నెలల తరగతి చదువు కలిస్తే 18 నెలల దాకా ఉండొచ్చు. అమెరికా ప్రభుత్వం గుర్తించిన స్పాన్సర్ ఇచ్చే డీఎస్-2019 పత్రం లేకుండా ఏదీ కదలదు. పొలం ఎంచుకునే స్వేచ్ఛ తక్కువ, నేర్చుకునేది ఎక్కువ. శిక్షణ ప్రణాళికలో నెలనెలా ఏం నేర్పుతారో రాసి లేకపోతే అది శిక్షణ పేరుతో కూలీ.

మీరు వీళ్లలో ఒకరైతే

పదిహేను రోజుల సెలవున్న ఉద్యోగి: డబ్బు కట్టి వెళ్లడమే. వీసా పని, అలసట, ఇంకొకరి పొలంలో పని అన్నీ కలిపి పదిహేను రోజుల్లో ఇమడవు. డిగ్రీ అయిపోయి ఏడాది ఖాళీ ఉన్న అమ్మాయి: ముందు ఒక వారం జపాన్‌లోనో ఇటలీలోనో అతిథిగా ఉండి, ఒంటరితనం తట్టుకోగలనని తేలాకే వూఫ్. పరకాల, హుజూరాబాద్ వైపు నలభై దాటిన రైతు: వూఫ్‌లో ఎరువు మోయడం మీకు కొత్త కాదు, ప్రయాణానికి పెట్టే డబ్బుతో మంచి పంట కాలంలో ఇటలీ పొలంలో పది రోజులు ఉండి సాగు చూడండి. ఇంగ్లీషు రాదన్న బెంగ వద్దు, అక్కడి రైతుకూ అంతంతమాత్రమే. ఫోన్‌లో అనువాదం ఆఫ్‌లైన్‌లో పనిచేసేలా దించుకుని వెళ్లండి. రిటైరైన టీచర్లకు జపాన్ ఇల్లు నచ్చుతుంది, కాకపోతే మోకాళ్ల నొప్పులుంటే మంచం ఉన్న గది అడగాలి.

ఇంటికి ఫోన్ వేళలు ముందే చెప్పండి. ఎండాకాలంలో ఇటలీ మనకన్నా మూడున్నర గంటలు వెనక, జపాన్ ఎప్పుడూ మూడున్నర గంటలు ముందు. రోజూ ఒకే వేళకు ఒక మెసేజ్, అది రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద: పొలం చిరునామా, దగ్గరి భారత రాయబార కార్యాలయం నంబరు, యూరప్‌లో 112, జపాన్‌లో పోలీసు 110, అంబులెన్స్ 119.

సంచిలో ఏముండాలి, ఏముండకూడదు

యూరప్‌లోకి పాలు, మాంసంతో చేసినవేవీ తేనివ్వరు. నెయ్యి, పాలకోవా, వేట మాంసం తొక్కు ఇంట్లోనే వదిలేయండి. సకినాలు, మామిడికాయ తొక్కు, కారప్పొడి ఫర్వాలేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో తినేది ఏదున్నా దేశంలోకి వచ్చేటప్పుడు నింపే ఫారంలో చూపించాల్సిందే. దాచి దొరికితే న్యూజిలాండ్‌లో అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. గత 30 రోజుల్లో పశువులున్న చోటికి వెళ్లారా అని కూడా అడుగుతారు. ఇంట్లో బర్రెలుంటే, కొట్టంలో తిరిగి ఉంటే "అవును" అనే రాయండి. గాలికుంటు రోగం అక్కడికి రాకూడదనే ఆ జాగ్రత్త. అవును అన్నందుకు వెనక్కి పంపరు, బూట్లు చూస్తారు, మట్టి ఉంటే కడుగుతారు. వెళ్లే ముందే బ్రష్‌తో అడుగు గాడుల్లోని మట్టి తీసేస్తే పని తేలిక.

తిరిగొచ్చేటప్పుడు మన రైతులకు విత్తనాల మీద మనసు పోతుంది. పిడికెడు మిరప గింజలైనా జేబులో వేసుకుని రావద్దు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి లేకుండా విత్తనం తేకూడదు, గింజతోపాటు వచ్చే తెగులు మన చేనుకే ముప్పు. వంగడం పేరు, ప్యాకెట్ ఫొటో తీసుకురండి. వరంగల్ వ్యవసాయ పరిశోధన స్థానంలో చూపిస్తే మన నేలకు సరిపోయే దగ్గరి వంగడం ఏదైనా ఉందేమో అడగవచ్చు.